పరదేశవిద్యయు ఇంటి మాటయు

ఆడపిల్ల పరదేశమునకు చదువుకొనుటకై పోవుచున్నదని తెలిసినంతనే ఇరుగుపొరుగు అమ్మలు మూడు ప్రశ్నలు వేయుదురు. అక్కడ అన్నము దొరకునా? ఆ చలికి తాళగలదా? ఒంటరిగా నుండుటకు భయము లేదా? ఈ మూడింటికిని సమాధానములు కలవు. బియ్యము ఏ యంగడిలోనైనను దొరకును. చలికి తగిన కోటు కొనుక్కొనవచ్చును. భయమందురా, అది నాలుగు వారములలో సగము తీరిపోవును. నాలుగవ ప్రశ్న యొకటి కలదు. దానిని మమ్మెవరును అడుగలేదు. అక్కడ పిల్లకు కష్టము వచ్చినప్పుడు ఇంటికి నిజము చెప్పునా? ఇక్కడ ఇంటికి కష్టము వచ్చినప్పుడు పిల్లకు నిజము చెప్పుదురా? ఆరు నెలలు పరదేశమున చదివి వచ్చిన పిమ్మట, తక్కిన మూడింటికంటె ఇదియే పెద్ద ప్రశ్నయని మాకు తోచినది. కూతుండ్రను పంపదలచు తల్లులకును, పోదలచు చెల్లెండ్రకును ఆ సంగతి విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమిద్దరము. ఒకరిది తెనాలి, ఒకరిది హనుమకొండ. హైదరాబాదులో ఒకే విశ్వవిద్యాలయమున చదువుచు వసతిగృహమున పక్కపక్క గదులలో నుంటిమి. ఒకరి చదువు చరిత్ర, ఒకరి చదువు గణితము. 2024 అక్టోబరు మొదలుకొని 2025 మార్చి వరకు జర్మనీదేశమున గొట్టింగెన్ అను పట్టణమునందలి విశ్వవిద్యాలయములో మార్పిడి విద్యార్థినులముగా గడపితిమి. ఇద్దరి అనుభవమును ఒక్కటిగానే చెప్పుచున్నాము.

మార్పిడి విద్య యన నేమో ముందుగా చెప్పుట మంచిది. రెండు దేశముల విద్యాలయములు ఒడంబడిక చేసికొని, ఇక్కడి విద్యార్థులను కొందరిని అక్కడికిని, అక్కడివారిని కొందరిని ఇక్కడికిని, అర్ధసంవత్సరమో సంవత్సరమో పంపుకొనును. బోధనరుసుము మన విద్యాలయమునకే చెల్లింతుము. అక్కడ మరల చెల్లింపనక్కరలేదు. ఏయే పాఠములు చదువుదుమో బయలుదేరక ముందే కాగితముమీద వ్రాసి, ఇరువైపుల సంతకములు చేయింపవలెను. అట్లు చేసిననే అక్కడ ఉత్తీర్ణులమైన పాఠములు ఇక్కడి పట్టమునకు లెక్కకు వచ్చును. ఐరోపాలో చదువును క్రెడిట్లు అను కొలతతో కొలుతురు. అర్ధసంవత్సరమునకు 30 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిటునకు 25 మొదలు 30 గంటల శ్రమ పట్టునని లెక్క. తరగతిలో కూర్చుండిన గంటలే కాక, గదిలో చదివిన గంటలును, వ్రాసిన గంటలును ఇందులోనివే. మొత్తము చూడగా 750 మొదలు 900 గంటలు. పరదేశపు చదువు విహారయాత్ర యనుకొనువారు ఈ లెక్కను ఒకమారు చూడవలెను.

రుసుము లేదన్నంతమాత్రమున ఖర్చు లేదని తలపరాదు. అక్కడ ఉన్నంతకాలము తిండికిని, అద్దెకును చాలినంత సొమ్ము కలదని చూపిననే ప్రవేశానుమతి దొరకును. మేము పోవుచున్న దినములలో, అనగా 2024 సెప్టెంబరు నుండి, నెలకు 992 యూరోలు చూపవలెనని నియమము. ఆరు నెలలకు 5,952 యూరోలు. నాటి ధరకు దాదాపు అయిదున్నర లక్షల రూపాయలు. ఆ సొమ్మును ముందుగానే ఒక ప్రత్యేకపు ఖాతాలో వేయవలెను. అది మన చేతికి ఒక్కసారిగా రాదు. నెల నెలకు వంతుచొప్పున మాత్రమే వచ్చును. మాలో ఒకరి యింట ఆ సొమ్ము పెండ్లికని దాచినది. మరియొకరి యింట తండ్రి తన భవిష్యనిధినుండి తీసినది. ఈ సంగతి ఇంత వివరముగా చెప్పుటకు కారణము కలదు. తమ కొరకు ఇంత యొడ్డినవారితో 'ఇక్కడ బాగులేదు' అను మాట చెప్పుటకు ఏ కూతురికిని నోరు రాదు.

ప్రయాణమునకు ముందు రెండు వారములు మా యిండ్లు పెండ్లివారి యిండ్లవలె నుండెను. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, గోంగూర, చింతపండు, ఇంగువ, పోపులపెట్టె అన్నియు సిద్ధమయ్యెను. కాని మాంసముతోను, పాలతోను చేసిన వస్తువులను ఇతర దేశములనుండి ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోనికి తేరాదని నిషేధము కలదు. కావున నెయ్యియు, పాలకోవాయు, ఎంతో శ్రద్ధతో తెప్పించిన పూతరేకులును ఇంటనే నిలిచిపోయెను. "నెయ్యి లేకుండా కందిపొడి ఏం రుచే అమ్మాయీ!" అని తెనాలి యమ్మ దిగులుపడినది. ఆ దిగులు అనవసరమని అక్కడికి పోయిన తరువాత తెలిసినది. ఉప్పు లేని వెన్న అచ్చటి యంగళ్లలో మంచిది దొరకును. దానిని సన్నని సెగమీద కాచి, అడుగున గసి ఎఱ్ఱబడగానే దింపి వడియగట్టుకొనిన చాలును. మన యింటి నెయ్యికి తీసిపోదు. కాచిననాడు వంటగది కమ్మదనమునకు అటు పోవువారందరును ఒకమారు తొంగిచూచి పోయిరి. పోపు వేయునప్పుడు మాత్రము వంటగది తలుపు మూసి కిటికీ తెరచుకొనవలెను. పొగను పసిగట్టి గంట మ్రోగించు యంత్రములు నడవలలోను గదులలోను అమర్చియుండును. వానికి ఎండుమిరపకాయ పొగయు, ఇల్లు కాలిన పొగయు ఒక్కటే.

ఫ్రాంక్‌ఫర్టులో విమానము దిగి, రైలులో సుమారు రెండు గంటలు ప్రయాణించిన గొట్టింగెన్ చేరుదుము. లక్షకు పైచిలుకు జనము గల చిన్న పట్టణము. అందు ఇరువది వేలకు మించి విద్యార్థులే. ఎటు చూచినను సైకిళ్లు. మొదటి పదునైదు దినములు పుస్తకము తెరచినది లేదు, కాగితములతోనే సరిపోయెను. ఇల్లు చేరిన రెండు వారములలోగా పట్టణ కార్యాలయమునకు పోయి, ఫలానా చోట కాపురమున్నామని పేరు వ్రాయించుకొనవలెను. అందులకు ఇంటివారు వ్రాసియిచ్చిన పత్రము కావలెను. ఆరోగ్యబీమా లేనిదే విద్యాలయమున పేరు చేర్చుకొనరు. ఒక కాగితము లేనిచో మరియొకటి కదలదు. ఎవ్వరును కోపపడరు, ఎవ్వరును జాలిపడరు. 'ఈ కాగితము తక్కువైనది, తీసికొని రండు' అని మర్యాదగా చెప్పి పంపుదురు. ఇండ్లలో బిల్లులు, పొదుపు పుస్తకములు, రేషను కార్డులు వరుసగా సర్దిపెట్టుకొను అమ్మల పద్ధతి మాకు అప్పుడు అక్కరకు వచ్చినది. అట్టలతో కుట్టిన సంచిలో ప్రతి కాగితమును, దాని నకలును తేదీ వరుసన పెట్టుకొని తిరిగితిమి.

అక్కడి యిండ్లలో వాటా వాటాకు సంఖ్య యుండుట అరుదు. తలుపు గంటమీదను, ఉత్తరాల పెట్టెమీదను కాపురమున్నవారి పేరే వ్రాయుదురు. పేరు లేనిచో ఉత్తరము వెనుకకు పోవును. కావున మొదటి దినముననే మా పేర్లు చీటీలమీద వ్రాసి అతికించితిమి. మన యిండ్ల గుమ్మములమీద తాతగారి పేరో, తండ్రి పేరో, భర్త పేరో చూచుట మనకు అలవాటు. అమ్మ పేరు చూచినది మాకు గుర్తులేదు. మా పేరు ఒక యింటి గుమ్మముమీద నుండుట అదియే మొదలు. ఆ చిన్న చీటీని ఛాయాచిత్రము తీసి ఇంటికి పంపితిమి. హనుమకొండలో అమ్మ దానిని పదిమందికి చూపినదట.

వసతిగృహమున ఏడుగురికి ఒక వంటగది. శీతలపెట్టెలో తలకొక అర. గోడమీద శుభ్రపరచు వంతుల పట్టిక. అందులో మగపిల్లల పేర్లును వరుసగా నుండెను. వంతు వచ్చినవాడు మారుమాట లేక పొయ్యి తుడుచును, నేల కడుగును. చెత్తను కాగితము, పొట్లముల తొడుగులు, కూరగాయల తొక్కలు, మిగిలినవి అని వేరు వేరు తొట్లలో వేయవలెను. గాజు సీసాలను రంగుల వారీగా వేరుచేయవలెను. చాల రకముల నీళ్ల సీసాలమీద 25 సెంట్లు ముందుగా వసూలుచేసి, ఖాళీ సీసా తిరిగి యిచ్చినప్పుడు మరల యిత్తురు. ఆదివారము అంగళ్లు మూసియుండును కావున శనివారము నాడే ఉల్లిపాయలు, పెరుగు చూచుకొనవలెను. ఇవి చిన్న సంగతులే. కాని ఇంట తల్లి వెనుక తిరుగుచు నాలుగు పనులు నేర్చిన పిల్లకు ఇవి రెండు వారములలో పట్టువడును. ఏమియు నేర్వని పిల్లకు, కొడుకైనను కూతురైనను, రెండు నెలలు పట్టును.

అక్టోబరు రెండవ సగమున పాఠములు మొదలయ్యెను. కాలపట్టికలో పది గంటలని వ్రాసి, పక్కన లాటినుభాషలో రెండక్షరముల గుర్తు వేసినచో, పాఠము పదింబావుకు మొదలగునని అర్థము. ఆ పావుగంట వెనుకటి కాలమునుండి వచ్చిన మర్యాద. పాఠము ముగియగానే విద్యార్థులు చప్పట్లు కొట్టరు. వ్రేళ్ల కణుపులతో బల్లలమీద తట్టుదురు. మొదటిదినమున ఆ చప్పుడు విని ఉలికిపడితిమి. వారి భాషలో మనకువలెనే 'మీరు', 'నీవు' వేరు వేరుగా కలవు. ఆచార్యులను 'మీరు' అనియే సంబోధింతురు. ఇది మాకు ఊరట. కాని గౌరవము చూపు విధము వేరు. మన యిండ్లలో పెద్దల యెదుట ఊరకుండుట మర్యాద. అక్కడి చర్చాతరగతిలో ఊరకున్నవారికి చెప్పుటకు ఏమియు లేదని తలతురు. ఆచార్యుని మాటను కాదని చెప్పినను తప్పులేదు. కారణము చెప్పవలెను, అంతే.

మార్కుల సంగతి మరియును వింత. అక్కడ 1.0 అన్నిటికంటె ఉత్తమము, 4.0 ఉత్తీర్ణతకు చివరి మెట్టు, 5.0 వచ్చిన తప్పినట్లు. ఒక చిన్న పరీక్షలో 1.3 వచ్చినదని సంతోషముతో ఇంటికి చెప్పగా, తెనాలి యమ్మ కొంతసేపు మాటాడక, "పోనీలే అమ్మా, ఈసారి బాగా చదువు" అన్నది.

మేము కూర్చుండిన ఆ బల్లలయొద్ద ఆడువారికి చోటు ఊరక దొరికినది కాదు. ఆ విశ్వవిద్యాలయమును బ్రిటను రాజైన రెండవ జార్జి నెలకొల్పగా 1737లో ప్రారంభోత్సవము జరిగినది. ఆయన హనోవరు సీమకును ప్రభువు. ఏబది యేండ్ల ఉత్సవమున, 1787లో, డొరొథేయా ష్లోట్సెర్ అను పదునేడేండ్ల బాలిక పరీక్షలో గెలిచి డాక్టరు పట్టమునకు అర్హురాలయ్యెను. ఆమె తండ్రి అక్కడనే చరిత్రాచార్యుడు. పట్టమిచ్చు సభ చర్చిలో జరిగినది. స్త్రీ కావున ఆమెకు అందు ప్రవేశము లేదు. పక్కనున్న గ్రంథాలయపు కిటికీనుండి తన పట్టప్రదానమును తానే తొంగిచూడవలసివచ్చెను. 1874లో రష్యాదేశపు సోఫియా కొవలెవ్‌స్కాయా గణితశాస్త్రమున అక్కడి పట్టము పొందెను. అదియు వ్యాసములు పంపి, తాను రాకుండగనే. ఆడుపిల్లలు అందరివలె పేరు చేర్చుకొని చదువుటకు ఆ ప్రష్యా రాజ్యమున అనుమతి వచ్చినది 1908లో. అనగా ప్రారంభమైన 171 యేండ్లకు!

తరువాతి కథ ఎమ్మీ నోయెథెర్‌ది. ఆమె 1915లో గణితము బోధించుటకు గొట్టింగెను వచ్చెను. స్త్రీకి బోధనాధికారము లేదని కొందరాచార్యులు అడ్డుపడగా, నాలుగేండ్లు ఆమె పాఠములు హిల్బెర్టు అను మహాగణితవేత్త పేరుతో ప్రకటింపబడినవి. పాఠము చెప్పునది ఆమె. పట్టికలో పేరు ఆయనది. 1919లో ఆమెకు అధికారము లభించెను. 1933లో నాజీ ప్రభుత్వము యూదులను కొలువులనుండి తొలగించినప్పుడు ఆమెనును తొలగించినది. అమెరికా చేరి 1935లో అచ్చటనే కన్నుమూసినది. మాలో గణితము చదువునామె ఈ కథ తెలిసిన నాటినుండి, గంట ముందే వచ్చి మొదటి వరుసలో కూర్చుండుట మొదలుపెట్టినది. గొట్టింగెనులోనే పెరిగి 1930లో పట్టము పొందిన మరియా గెపెర్ట్ మేయర్‌కు 1963లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

పాత పురపాలక మందిరము ముందు ఒక జలయంత్రమున్నది. దానిమీద పెద్దబాతులను కాచు బాలిక కంచుబొమ్మ. 1901లో నిలిపినారు. డాక్టరు పట్టము పొందినవారు స్నేహితులతో ఊరేగి వచ్చి, పైకెక్కి, పూలగుత్తి యిచ్చి, ఆ బొమ్మను ముద్దిడుట ఆచారము. 1926లో పట్టణాధికారులు దీనిని నిషేధించిరి. ఐనను మానినవారు లేరు. ఒకనాటి మధ్యాహ్నము ఒక యువతి పూలగుత్తి చేతబట్టి పైకెక్కుట మేము చూచితిమి. క్రింద ఆమె తల్లి కాబోలు, చేతులు చాచి 'జాగ్రత్త, జాగ్రత్త' అన్నట్లు నిలిచియుండెను. ఆ మాట మాకు వినబడలేదు, వినబడనక్కరయు లేదు.

ఇక మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వత్తుము. అక్టోబరు చివరి ఆదివారమున అక్కడ గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. దానితో మనకును వారికిని నాలుగున్నర గంటల భేదమేర్పడును. ఆ వారముననే, 31వ తేదీన, దీపావళి వచ్చినది. 1517లో లూథరు ఆరంభించిన మతసంస్కరణ స్మారకముగా ఆ సీమలో ఆనాడు సెలవు. మా వంటగదిలో బల్లమీద చిన్న దీపములు వరుసగా పెట్టి, ఏడుగురమును పులిహోర తింటిమి. అంతవరకు అన్నియు కొత్తగానే, సరదాగానే యుండెను. నవంబరు వచ్చినది. డిసెంబరునాటికి ఉదయము ఎనిమిది దాటినగాని వెలుతురు రాదు; సాయంకాలము నాలుగు దాటగానే చీకటి. నడుమనున్న పగలును మబ్బే. పాఠములు కఠినమయ్యెను. జర్మనుభాష సగమర్థమై సగము జారిపోవును. తోడి విద్యార్థులు మంచివారే. కాని వారికి వారి స్నేహితులు, వారి యిండ్లు కలవు.

ప్రతిదినము సాయంకాలము నాలుగు గంటలకు, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, ఇంటితో మాటాడుదుము. "బాగున్నావా?" "బాగున్నాను." "తిన్నావా?" "తిన్నాను." "మీరు?" "మేం బాగున్నాం." ఈ మాటలు నెలరోజులు అటునుండి ఇటును, ఇటునుండి అటును నడచినవి. చరిత్ర తరగతిలో ఇరువది నిమిషములు ప్రసంగింపవలసిన దినమున మాలో ఒకరికి గొంతు పెగలక, అయిదు నిమిషములకే కూర్చుండవలసివచ్చినది. ఆ సాయంకాలము ఇంటికి పోయిన మాట 'బాగున్నాను'. అదే వారమున ఇంటినుండి వచ్చిన మాటయు 'బాగున్నాము'. మన యిండ్లలో ఇది కపటము కాదు, ప్రేమ. దూరముననున్న బిడ్డ దిగులుపడునని తల్లి దాచును. ఇంత ఖర్చుచేసి పంపిన తల్లి దిగులుపడునని బిడ్డ దాచును. కాని ఆ మాట దినదినమును బోలుగా మారును. గొంతు వినబడును, మనిషి కనబడదు. ఒకరాత్రి మంచము క్రిందనున్న పెట్టె బయటికి వచ్చినది. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు వెల ఎంతయో విచారించుటయు అయినది. మాలో రెండవ యామె ఆ పెట్టెను చూచి ఏమియు అనలేదు. వంటగదికి పోయి మిరియాల చారు కాచి తెచ్చి ఎదుట పెట్టినది.

మఱునాడు హనుమకొండనుండి అమ్మ వేళకాని వేళ పిలిచినది. "బిడ్డా, నీకొక మాట చెప్పాలె. మీ బాపుకు షుగరు ఎక్కువై నాలుగు రోజులు దవాఖానల ఉండి వచ్చిండు. ఇప్పుడు నయమే. నీకు చెప్పొద్దని ఆయనే అన్నడు. నాకు మాత్రం నీ దగ్గర దాచి దాచి పాణం ఆగుతలేదు" అన్నది. ఇటు కొంతసేపు మాట లేదు. తరువాత ప్రసంగము చెడిన సంగతి, పెట్టె సంగతి, టిక్కెట్టు సంగతి అన్నియు బయటికి వచ్చినవి. "వచ్చెయ్యనా అమ్మా?" అని అడుగగా, అమ్మ ఆలోచించియే చెప్పినది: "రావాలని ఉంటే రా. పైసలు పోతే పోనీ. కాని ఈ ఒక్క చలికాలం చూసి రా. ఇగ నుంచి నువ్వు దాచొద్దు, నేను దాచ."

ఆశ్చర్యమేమనగా, తండ్రి జబ్బు సంగతి విన్న పిల్లకు కాళ్లు తడబడలేదు. నేల మరల దొరికినట్లయినది. నెలరోజులుగా ఇంటిలో ఏదో జరుగుచున్నదను అనుమానమే ఎక్కువ బాధ. తెలిసిన కష్టమునకు ఒక కొలత యుండును. తనకు నిజము చెప్పినారన్న ఒక్క సంగతియే, తనను పెద్దదానిగా ఎంచినారన్న ధైర్యము కలిగించినది. ఈ మాట తెనాలికిని చేరినది. ఇద్దరమ్మలును ఫోనులో మాటాడుకొని ఒక నియమము పెట్టిరి. మాటాడినప్పుడెల్ల అటువారు ఒక మంచి, ఒక చెడు. ఇటువారు ఒక మంచి, ఒక చెడు తప్పక చెప్పుకొనవలెను. చెడు ఏమియు లేనిచో కూరలో ఉప్పెక్కువైనదనియైనను చెప్పవలెను. మొదట నవ్వులాటగా నుండెను. తరువాత అదియే మాకు ఆధారమయ్యెను. ఒకనాడు తెనాలి యమ్మ "ఇవాళ్టి చెడు ఏంటంటే, నువ్వు లేక నాకు ఇల్లు తోచడం లేదే" అన్నది. ఇరువది యేండ్లలో ఆమె తన కొరకు చెప్పుకొనిన మొదటి మాట అది.

ఇంటికి నిజము చెప్పుటకు అలవాటుపడిన నోరు బయట కూడ పలుకనేర్చినది. ఆచార్యులు వారమునకొక గంట విద్యార్థులను కలిసికొనుటకై కేటాయింతురు. ఆ గంటలో పోయి, ప్రసంగము ఎట్లు చెడినదో చెప్పి, ఏమిచేయవలెనని అడిగితిమి. కాగితము చదువుట మాని, మూడు అంశములు మాత్రము చిన్న చీటీమీద వ్రాసికొని, మొదటివరుసలో నొకరిని చూచి మాటాడుమని ఆమె చెప్పినది. జనవరిలో మరియొక దినమును ఇచ్చినది. ఆనాడు ఇరువది నిమిషములును నిండినవి. చివర బల్లల చప్పుడు వినబడినది. మనసు బాగులేని విద్యార్థులకు ఉచితముగా సలహా చెప్పువారును అట్టి చోట్ల నుందురు. వారియొద్దకు పోవుట సిగ్గుపడవలసిన పనికాదు. జ్వరమునకు వైద్యునియొద్దకు పోవుటవంటిదే.

ఫిబ్రవరిలో పాఠములు ముగిసినవి. వ్యాసములు వ్రాసి యిచ్చి మార్చిలో తిరిగి వచ్చితిమి. క్రెడిట్లన్నియు లెక్కకు వచ్చినవి. హనుమకొండలో బాపుగారు ఇప్పుడు ఉదయము నడకకు పోవుచున్నారు. అన్నము తగ్గించి జొన్నరొట్టె తినుచున్నారు. ఒక మంచి, ఒక చెడు నియమము మా యిండ్లలో ఇంకను నడచుచున్నది, ఇప్పుడు హైదరాబాదునుండి.

కావున కూతురిని పంపదలచిన తల్లులకు మా మనవి యిది. ఆవకాయ తప్పక కట్టియిండు. దానితో కూడ మూడు సంగతులు పోవు ముందే నేర్పుడు. తన సొమ్ము జమాఖర్చులు తానే వ్రాసికొనుట మొదటిది. బ్యాంకు కాగితములు, దరఖాస్తులు ఆమెచేతనే నింపింపుడు. తప్పు పోయినను ఇక్కడ దిద్దవచ్చును. తెలియనిదానిని తెలియదని చెప్పి నలుగురిలో అడుగుట రెండవది. అడుగుట ఆడపిల్లకు తగదని చిన్ననాడు చెప్పియుందుమేమో, ఆ మాటను మీ నోటితోనే మరల తీసివేయుడు. మూడవది మీ చేతిలోనిది. విమానమెక్కుటకు ముందే కూతురిని దగ్గర కూర్చుండబెట్టుకొని, 'నీకు కష్టము వచ్చిన నాకు చెప్పు. నాకు కష్టము వచ్చిన నీకు చెప్పుదును. చెప్పినంతమాత్రమున నిన్ను వెనుకకు రమ్మనను, రావలదనియు ననను' అని మాట యిచ్చి, మాట తీసికొనుడు. ఈ మూడును ఉన్న పిల్ల ఎంత దూరము పోయినను ఇంటికి దగ్గరగానే యుండును.